బుల్లితెర డిటెక్టివ్‌లు, సూరత్ ప్లేగు

ఈసారి టీవీలో అపరాధ పరిశోధన సీరియల్ చూసేటప్పుడు పక్కన ఒక గడియారం పెట్టుకోండి. హతుడి గోరు కింద దొరికిన చర్మపు పొర లాబొరేటరీకి చేరినప్పటి నుంచి, అది ఫలానా వాడిదేనని డాక్టరు తేల్చేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. రెండు నిమిషాలు దాటితే ఆ సీరియల్‌ను మెచ్చుకోవాల్సిందే.

1998 జనవరిలో సోనీ ఛానల్‌లో మొదలై 2018 దాకా సాగి, 2024 డిసెంబరులో మళ్ళీ తెర మీదికి వచ్చిన 'సి.ఐ.డి.' సీరియల్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వేళ్ళు తిప్పుతూ ఆలోచించే ఏ.సి.పి. ప్రద్యుమన్, భుజంతో తలుపులు బద్దలుకొట్టే దయా, తెల్లకోటు వేసుకున్న ఫోరెన్సిక్ నిపుణుడు డాక్టర్ సాలుంఖే మన ఇళ్ళలో మనుషుల్లాగే అయిపోయారు. సాలుంఖే గారి బల్ల మీద రంగురంగుల ద్రవాలుంటాయి. ఒకదాన్ని తీసి ఇంకొకదాంట్లో పోస్తే చాలు, విషం పేరు బయటికొస్తుంది. వెంట్రుకను యంత్రంలో పెట్టగానే డి.ఎన్.ఏ. సరిపోయిందని తెలిసిపోతుంది. అసలు లాబొరేటరీలో సంగతి వేరు. ముందు నమూనాలోంచి డి.ఎన్.ఏ.ను విడదీయాలి. అందులో కావలసిన భాగాలను లక్షల నకళ్ళుగా పెంచాలి. వాటిని పొడవుల వారీగా వేరుచేసి, అనుమానితుడి నమూనాతో పోల్చాలి. ఆ పోలిక కాకతాళీయం కావడానికి ఎంత అవకాశం ఉందో చివర్లో లెక్క కట్టాలి. నమూనా శుభ్రంగా ఉండి, యంత్రాలు ఖాళీగా ఉంటే ఇదంతా ఒకటి రెండు రోజుల పని. ముందు వచ్చిన నమూనాలు వరుసలో ఉంటే నెలలు పడుతుంది.

కథలో కాలాన్ని కుదించుకోక తప్పదు కదా అని మీరంటారు. నిజమే, రెండు రోజుల పాటు యంత్రం తిరగడాన్ని ఎవరూ కూర్చుని చూడలేరు. గడియారం సంగతి క్షమించేద్దాం. క్షమించలేనిది ఇంకొకటుంది. ఈ కథల్లో లాబొరేటరీ ఎప్పుడూ పొరబడదు. దాన్ని ఎవరూ ఎదురు ప్రశ్నించరు. ఇంకో లాబొరేటరీకి పంపి సరిచూద్దామని ఎవరికీ తోచదు. చివరి ఐదు నిమిషాల్లో నలుగురు అనుమానితులను వరుసగా నిలబెడితే, అసలు హంతకుడు ఒక చెంపదెబ్బకు తన కథంతా చెప్పేస్తాడు. అంతటితో కేసు ముగిసిందంటారు. మన చట్టం ప్రకారం పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట నిందితుడి మీద సాక్ష్యంగా పనికిరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ ఆ మాటే చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. అంటే సీరియల్‌లో కేసు ముగిసిన చోట అసలు కేసు ఇంకా మొదలే కాలేదన్నమాట.

నేరస్తుడెవరో తెలియడం ఒక ఎత్తు, వాడేనని నిరూపించడం ఇంకో ఎత్తు. మన తెర మీది డిటెక్టివ్ కథల్లో ఎక్కువ భాగం మొదటి దాంతోనే ఆగిపోతాయి.

అన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదనుకోండి. 1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'కరమ్‌చంద్'లో పంకజ్ కపూర్ క్యారెట్ కొరుకుతూ తిరిగేవాడు. అది సరదా, సరదాగానే చూడాలి. 1993లో బాసు ఛటర్జీ తీసిన 'బ్యోమకేశ్ బక్షీ' స్థాయి వేరు. శరదిందు బందోపాధ్యాయ కథల్లోని ఈ బెంగాలీ యువకుడికి డిటెక్టివ్ అన్న మాటే గిట్టదు. తనను సత్యాన్వేషి అనమంటాడు. రజిత్ కపూర్ ఆ పాత్రను పంచె కట్టుకుని, గొంతు పెంచకుండా నటించాడు. ఆ సీరియల్‌లో తుపాకులు తక్కువ, మాటలు ఎక్కువ. బ్యోమకేశ్ చూసినదాన్ని మనకూ చూపిస్తారు. కథ ముగిశాక వెనక్కి వెళ్ళి ఆలోచిస్తే, ఆధారం మన కళ్ళ ముందే ఉందనీ మనమే పట్టించుకోలేదనీ అర్థమవుతుంది. ఇది డిటెక్టివ్ కథకు ప్రాణం లాంటి నియమం. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లోనే ఇలాంటి నియమాలను పది రాసిపెట్టాడు. అంతవరకు ఎవరికీ తెలియని విషాన్నీ, చివర్లో పెద్ద శాస్త్రీయ వివరణ ఇస్తే తప్ప అర్థంకాని పరికరాన్నీ కథలోకి తేకూడదన్నది వాటిలో ఒకటి. ఈ ఒక్క నియమం పాటించినా మన సీరియళ్ళు సగం మూతపడతాయి!

తెలుగు సినిమాలో డిటెక్టివ్ అంటే మొదటి నుంచీ కాస్త నవ్వే. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయ్'లో చిరంజీవి ఎంత నవ్వించాడో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' కూడా నవ్వుతోనే మొదలవుతుంది. నెల్లూరులో ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని బోర్డు పెట్టుకున్న కుర్రాడి కథ అది. రైలు పట్టాల పక్కన దొరికే గుర్తుతెలియని శవాల సంగతి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. రహస్యం ఇక్కడ విప్పను, చూడని వాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ' నాకు ఇంకో కారణంగా ఇష్టం. అడవిలో మనుషులు చనిపోతుంటారు. పులి చంపుతోందని ఊరంతా నమ్ముతుంది. చంపింది పులేనా అన్న అనుమానంతోనే కథ కదులుతుంది. అందరూ నమ్మిన కారణాన్ని అనుమానించడం సైన్సు విద్యార్థికి మొదటి పాఠం.

హిందీలో 1986లో విడుదలైన 'కత్ల్' సినిమాలో ఈ సంగతి తిరగబడి ఉంటుంది. చూపు పోయిన ఒక నటుడు తన భార్యను హత్య చేయడానికి పథకం వేస్తాడు. హంతకుడెవరో మనకు ముందే తెలుసు. గుడ్డివాడు గురిచూసి కాల్చాడని పోలీసులు ఎలా నిరూపిస్తారన్నదే ఆసక్తి. ఆ పాత్ర వేసిన సంజీవ్ కుమార్ సూరత్‌లో పుట్టినవాడు. సినిమా విడుదలయ్యేనాటికే, 1985 నవంబరులో, ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు తిరగకుండానే ఆయన పుట్టిన ఊళ్ళో అచ్చంగా ఇలాంటి కేసే వచ్చిపడింది. నేరస్తుడి పేరు మొదటి రోజే అందరి నోటా నానింది. నిరూపించడానికి మాత్రం ఏళ్ళు పట్టింది.

సూరత్ మనకు పరాయి ఊరేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడి పవర్‌లూమ్‌ల మీద తరాలుగా బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. వజ్రాలు సానపట్టే పని, చీరల పరిశ్రమ రెండూ కలిసి దేశం నలుమూలల నుంచి కూలీలను ఆ ఊరికి లాక్కొచ్చాయి. ఇరుకు గదులు, పొంగే మురుగు కాలువలు, వాటికి తోడు తాపీ నది. 1994లో వానలు బాగా పడి పల్లపు ప్రాంతాలు మునిగాయి.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో కొందరికి జ్వరం వచ్చి, గజ్జల్లోనూ చంకల్లోనూ బిళ్ళలు కట్టాయి. గడ్డల ప్లేగు లక్షణం అది. సెప్టెంబరు మూడో వారంలో సూరత్‌లో, ముఖ్యంగా వేద్ రోడ్డు ప్రాంతంలో, ఇంకోరకం రోగులు ఆసుపత్రికి రాసాగారు. వీళ్ళకు బిళ్ళలు లేవు. జ్వరం, దగ్గు, కఫంలో రక్తం. రెండు మూడు రోజుల్లో మరణం. ఇది ఊపిరితిత్తుల ప్లేగని డాక్టర్లు అనుమానించారు. ఎలుక మీది పురుగు కుట్టనక్కర్లేదు, రోగి దగ్గితే వచ్చే తుంపర్లతోనే అంటుకునే రకం అది. మందు పడకపోతే బతకడం దాదాపు అసాధ్యం. మాట బయటికి పొక్కగానే రైళ్ళు, బస్సులు, లారీలు పట్టుకుని లక్షల మంది ఊరు ఖాళీ చేశారు. వేరే ఊళ్ళ స్టేషన్లలో సూరత్ నుంచి వచ్చేవాళ్ళను ఆపి పరీక్షించారు. కొన్ని దేశాలు మన దేశానికి విమానాలు ఆపేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 876, మరణాలు 54. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది సూరత్ వాళ్ళే.

హాలీవుడ్ ఇలాంటి కథను అంతకు 44 ఏళ్ళ ముందే తీసింది. 1950లో ఎలియా కజాన్ తీసిన 'పానిక్ ఇన్ ది స్ట్రీట్స్' అచ్చమైన డిటెక్టివ్ సినిమా. న్యూ ఆర్లియన్స్ రేవులో ఒక అనామకుడు తుపాకి గుండుకు చనిపోతాడు. శవాన్ని పరీక్షిస్తే వాడికి ఊపిరితిత్తుల ప్లేగు ఉందని తేలుతుంది. వాణ్ణి చంపిన వాళ్ళకు రోగం అంటుకుని ఉండాలి, వాళ్ళు ఎవరో ఏమిటో తెలియదు. ప్రజారోగ్య శాఖ డాక్టరు, పోలీసు కెప్టెన్ కలిసి 48 గంటల్లో వాళ్ళను పట్టుకోవాలి. ఎక్కడా పట్టు సడలని సినిమా. ఇప్పుడు చూసినా కుర్చీ అంచున కూర్చోబెడుతుంది. మరి రోగమేమిటో తేల్చడం? కథ మొదట్లోనే, చూస్తుండగానే అయిపోతుంది. డాక్టరుకు అనుమానం లేదు. ఆయన మాట నమ్మని అధికారులు మూర్ఖులన్నట్టే కథ నడుస్తుంది. ప్లేగు అవునా కాదా అన్న ప్రశ్నను సినిమా పక్కకు నెట్టి, దుండగులను తరమడానికి తొందరపడుతుంది.

సూరత్‌లో కష్టమైపోయింది సరిగ్గా ఆ ప్రశ్నే. ఎందుకో చూడండి.

రోగి కఫాన్ని అద్దపు పలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ప్లేగు బాక్టీరియా రెండు కొనల దగ్గరా ముదురు రంగు పట్టి, పిన్నీసులా కనిపిస్తుంది. సినిమా అయితే ఇక్కడితో కేసు ముగిసేది. చిక్కేమిటంటే పిన్నీసులా కనిపించే బాక్టీరియాలు ఇంకా ఉన్నాయి. నీళ్ళలో, బురదలో ఉండి, వరదల తర్వాత మనుషులకు సోకే మెలియాయిడోసిస్ అనే జబ్బుంది. దాని బాక్టీరియా కూడా అలాగే కనిపిస్తుంది. సూరత్‌లో అప్పుడే వరద వచ్చి వెళ్ళింది! కవల సోదరులున్న కేసులో దూరం నుంచి చూసిన సాక్షి మాట ఎంత విలువ చేస్తుందో ఈ పిన్నీసు ఆధారం కూడా అంతే విలువ చేస్తుంది.

పోనీ బాక్టీరియాను పళ్ళెంలో పెంచి చూద్దామా? అది సుమారు 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది. కంటికి కనిపించే మచ్చలు కట్టడానికి రెండు రోజులు కావాలి. ఈలోపు కఫంలోని మిగతా బాక్టీరియాలు దాన్ని కమ్మేస్తాయి. అంతకంటే పెద్ద అడ్డంకి టెట్రాసైక్లిన్. రోగం పేరు వినగానే ఊళ్ళో వాళ్ళంతా ఆ మాత్రలు కొని మింగారు, డాక్టర్లు కూడా అనుమానం వచ్చిన ప్రతివాడికీ ఇచ్చారు. చాలామంది బతికింది అందువల్లే. కాని మందు పడ్డాక ఒంట్లో బాక్టీరియా దొరకదు. ప్రాణం నిలబెట్టిన పనే సాక్ష్యాన్ని తుడిచేసింది. తప్పు చేసినవాడే ఆధారాలు చెరిపేస్తాడని మన సీరియళ్ళు నేర్పుతాయి. ఇక్కడ చెరిపింది రక్షకులు, అదీ చేయవలసిన పనే. ఇలాంటి సంకటాన్ని తెర మీద చూపించిన డిటెక్టివ్ కథ నాకు గుర్తు రావడం లేదు.

ఇక మిగిలింది రక్తపరీక్ష. ప్లేగు సోకినవాడి రక్తంలో దానికి తగిన ప్రతిరక్షకాలు పుడతాయి. ఒకసారి చూస్తే చాలదు, కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చూసి, రెండోసారి నాలుగింతలు పెరిగాయంటేనే గట్టి రుజువు. ఆసుపత్రి నుంచే పారిపోయిన రోగిని రెండోసారి ఎక్కడని వెతుకుతారు? పైగా 1966 తర్వాత దేశంలో ప్లేగు నమోదు కాలేదు. 28 ఏళ్ళ పాటు కనబడని నేరస్తుణ్ణి చూడగానే గుర్తుపట్టగల లాబొరేటరీలు ఎన్ని ఉంటాయి?

అనుమానం లేవదీసిన వాళ్ళు మూర్ఖులేమీ కారు. వాళ్ళ ప్రశ్నలు డిటెక్టివ్‌లు వేయవలసినవే. ప్లేగు అయితే ముందు ఎలుకలు రాలి చావాలి కదా, సూరత్‌లో అలా ఎందుకు కనబడలేదు? అంత తీవ్రంగా అంటుకునే రోగమైతే ఒకే గదిలో పడుకున్న పదిమందిలో మిగతా తొమ్మిదిమందికి ఎందుకు రాలేదు? షెర్లాక్ హోమ్స్ కథ ఒకదానిలో రాత్రి కుక్క మొరగకపోవడమే ముఖ్యమైన ఆధారం. జరిగినదాన్నే కాక, జరగవలసి ఉండి జరగనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది హోమ్స్ పద్ధతి. సూరత్ విమర్శకులు చేసింది అదే. వాళ్ళ ప్రశ్నలకు సమాధానాలూ ఉన్నాయి. ఊపిరితిత్తుల ప్లేగు మనిషి నుంచి మనిషికి నేరుగా పాకుతుంది కాబట్టి ఊరంతా ఎలుకలు చావనక్కర్లేదు. రోగం ముదిరిన రోగికి బాగా దగ్గరగా ఉన్నవాళ్ళకే ఎక్కువగా సోకుతుంది. పైగా ఇంటిల్లిపాదీ టెట్రాసైక్లిన్ మింగి ఉన్నారు. అయితే, సమాధానం ఉండడం వేరు, రుజువు ఉండడం వేరు. మెలియాయిడోసిస్ అన్నవాళ్ళూ, హంటా వైరస్ అన్నవాళ్ళూ వెంటనే వెనక్కి తగ్గలేదు.

రుజువు ఎలా ఉండాలో చూపిన ఒక పాత ప్రయోగాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు బాక్టీరియాను కనుక్కున్నాడు. అది ఎలుక నుంచి మనిషికి ఎలా చేరుతుందో అప్పటికి తెలియదు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక పెద్ద గాజు జాడీలో ప్లేగు సోకిన ఎలుకను, దాని ఒంటి మీద బతికే ఫ్లీ అనే గెంతే పురుగులతో సహా ఉంచాడు. అది చచ్చిపోయే దశలో, ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఎలుకను తీగల పంజరంలో పెట్టి అదే జాడీలోకి దించాడు. రెండూ ఒకదాన్నొకటి తాకలేవు. పురుగులు మాత్రం గెంతి రాగలవు. కొన్ని రోజులకు రెండో ఎలుకకూ ప్లేగు వచ్చింది. సిమాండ్ అక్కడ ఆగలేదు. ఒంటి మీద పురుగులు లేని రోగిష్టి ఎలుకతో అదే ప్రయోగం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఏమీ కాలేదు. ఈ రెండో ప్రయోగాన్ని గమనించండి. నేరస్తుణ్ణి రంగం నుంచి తప్పిస్తే నేరం ఆగిపోవాలి. మిగతావన్నీ అలాగే ఉంచి, ఒక్కదాన్నే తీసేసి చూడాలి. ఇంత చేసినా సిమాండ్‌ను లోకం వెంటనే నమ్మలేదు. ఇతరులు స్వయంగా చేసి చూశాకే, కొన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంది.

1994 అక్టోబరులో సూరత్ చిక్కుముడిని విప్పడానికి ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘానికి అధ్యక్షుడు ఇలాంటి రుజువుల మనిషే. పేరు వులిమిరి రామలింగస్వామి, 1921లో శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువాడు. 1950లలో హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో గొంతుగడ్డ వ్యాధికి అయొడిన్ లోపమే కారణమని చూపడానికి ఆయన బృందం చేసిన పని డిటెక్టివ్ కథకేం తీసిపోదు. లోయను ప్రాంతాలుగా విడగొట్టి, కొన్నింటికి అయొడిన్ కలిపిన ఉప్పునూ ఒకదానికి మామూలు ఉప్పునూ ఇచ్చి, ఏళ్ళ తరబడి కాచుకున్నారు. అయొడిన్ ఉప్పు తిన్న చోట గొంతుగడ్డలు తగ్గాయి. కరాచీ జాడీ సూత్రాన్నే ఒక లోయంతటికీ అన్వయించారన్నమాట. సూరత్ మీద ఆయన సంఘం రోగుల నమూనాలు, రక్తపరీక్షలు, రోగం పాకిన తీరు అన్నీ కలిపి చూసి, ఇది ప్లేగేనని 1995లో నివేదిక ఇచ్చింది.

అక్కడితోనూ వాదం పూర్తిగా చల్లారలేదు. ఆఖరి ముడి హైదరాబాదులో పడింది. తార్నాకలోని సి.సి.ఎం.బి.లో ఎస్. శివాజీ, ఆయన సహచరులు 1994 నాటి నమూనాల నుంచి వేరుచేసిన బాక్టీరియాల జన్యువులను చదివి, 2000 సంవత్సరంలో ఫలితాలు ప్రచురించారు. ప్రతి బాక్టీరియాలోనూ 16 ఎస్ అనే ఒక జన్యువు ఉంటుంది. అది ఇంటిపేరు లాంటిది. దాన్ని చదివితే బాక్టీరియా ఏ వంశానిదో తెలుస్తుంది. ఆ ఇంటిపేరు యెర్సీనియా అని తేలింది. అయితే ప్లేగు బాక్టీరియాకు అంత ప్రమాదం చేయని దగ్గరి బంధువు ఒకటుంది. అన్నదమ్ములకు ఇంటిపేరు ఒక్కటే కాబట్టి దాంతో సరిపెట్టుకోకూడదు. అందుకని జన్యుపదార్థమంతటి మీదా అక్కడక్కడ గుర్తులు పట్టి, వేలిముద్ర లాంటి చారల నమూనా కూడా తీసి, తెలిసిన ప్లేగు బాక్టీరియాతో పోల్చారు. సరిపోయింది. నేరస్తుడు యెర్సీనియా పెస్టిస్. 1994 సెప్టెంబరులో డాక్టర్లు అన్నమాటే నిజమైంది, ఆరేళ్ళ తర్వాత.

మొదట చెప్పిందే నిజమైనప్పుడు ఇన్నేళ్ళ శ్రమ దేనికని అడుగుతారేమో. సూరత్ డాక్టర్లు రుజువు కోసం ఆగకుండా మందు ఇచ్చారు, అలాగే చేయాలి. 1995లో నగర కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు హైదరాబాదు జన్యువుల కోసం ఎదురుచూడకుండా ఊరిని ఊడ్పించాడు, అదీ సరైన పనే. చికిత్సకు అనుమానం చాలు. తీర్పుకు మాత్రం అనుమానం చాలదు. ఆనాడు డాక్టర్ల ఊహ నిజమైంది. ఇంకోసారి అలాగే జరుగుతుందన్న హామీ ఎక్కడుంది? అది మెలియాయిడోసిస్ అయి ఉంటే మందే మార్చాల్సి వచ్చేది. 2020లో కరోనా వచ్చినప్పుడు జవాబులు ఆలస్యమైనకొద్దీ వదంతులు ఎలా పుట్టాయో, పక్కింటి వాళ్ళనే ఎలా అనుమానించామో మీరే చూశారు. శాస్త్రవేత్తలు నెల కిందట చెప్పిన మాటను సవరించుకుంటే, వాళ్ళకేమీ తెలియదని ఎగతాళి చేసిన వాళ్ళున్నారు. రెండు నిమిషాల్లో, తప్పు లేకుండా, ఒక్కసారే జవాబు చెప్పే లాబొరేటరీని ఏళ్ళ తరబడి తెర మీద చూసిన కళ్ళకు అసలు లాబొరేటరీ చేతకానిదిగా కనబడడంలో ఆశ్చర్యమేముంది? అమెరికాలో 2000లో మొదలైన 'సి.ఎస్.ఐ.' సీరియల్ చూసి జ్యూరీ సభ్యులు ప్రతి కేసులోనూ డి.ఎన్.ఏ. అడుగుతున్నారని న్యాయవాదులు వాపోయారు. అది ఎంతవరకు నిజమన్నదాని మీద పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కోర్టుల సంగతి ఎలా ఉన్నా, వీధిలోని మన సంగతి మాత్రం ఆలోచించుకోవలసిందే.

రోగాల డిటెక్టివ్ కథల్లో మెచ్చదగినవీ ఉన్నాయి. 2004 నుంచి 2012 దాకా వచ్చిన 'హౌస్' సీరియల్‌లో డాక్టరు పొగరుబోతు. ఆ పాత్రను హోమ్స్ పోలికలతోనే మలిచారు. హోమ్స్‌కు నమూనా జోసెఫ్ బెల్ అనే ఎడింబరో డాక్టరు కాబట్టి, అలా డిటెక్టివ్ మళ్ళీ ఆసుపత్రికే చేరాడు. ఆ సీరియల్‌లో పరీక్షల వేగం నమ్మశక్యంగా ఉండదు. మంచి గుణమల్లా, ప్రతి కథలో రెండు మూడు ఊహలు తప్పని తేలడం, ఆ తప్పు నుంచే తర్వాతి ఊహ పుట్టడం. 2011లో వచ్చిన 'కంటేజియన్' సినిమా రెండో రోజుతో మొదలై, మొదటి రోజుతో ముగుస్తుంది. రోగం ఎలా పుట్టిందో చివరి నిమిషాల్లో మనకు చూపిస్తారు. చక్కని ముగింపే, కాని ఆ మొదటి రోజును ఉన్నదున్నట్టు చూడగలిగేది మనమే. కథలోని శాస్త్రవేత్తలకు అలాంటి కెమెరా లేదు. అన్నింటికంటే నాకు నచ్చింది మన పొరుగు భాష సినిమా. 2018లో కోళికోడ్‌లో వచ్చిన నిపా మీద ఆషిక్ అబు 2019లో మలయాళంలో తీసిన 'వైరస్' అది. అందులో తుపాకి పట్టిన నాయకుడు లేడు. ఎవరి నుంచి ఎవరికి సోకింది, ఏ ఆసుపత్రిలో, ఏ రోజు అని ఒక్కొక్క కొక్కెం తగిలిస్తూ గొలుసు కట్టడమే కథ. రోగుల బంధువులను అడిగి, తేదీలు సరిచూసి, కాగితం మీద గీతలు గీసే ఆ పనిలో ఎంత ఉత్కంఠ ఉందో చూసి తీరాల్సిందే.

తెలుగులో 2020లో వచ్చిన 'హిట్' లాంటి సినిమాల తర్వాత అపరాధ పరిశోధనకు ప్రేక్షకులు లేరని ఎవరూ అనలేరు. సూరత్ కథను ఎవరైనా సీరియల్‌గా తీయవచ్చు కదా? లింబాయత్‌లో మగ్గం నడిపే తెలుగు కుటుంబం ఉంది, శ్రీకాకుళం నుంచి వెళ్ళిన పెద్దమనిషి ఉన్నాడు, హైదరాబాదు లాబొరేటరీ ఉంది. మొదటి భాగంలో పిన్నీసులు కనబడాలి. రెండో భాగంలో ఎవరో ఒకరు లేచి, అవి మెలియాయిడోసిస్ బాక్టీరియాలు కావని ఎలా చెప్పగలరని అడగాలి. పారిపోయిన రోగిని రెండో రక్తపరీక్ష కోసం వెతుక్కుంటూ వెళ్ళే కాంపౌండరు మీద ఒక భాగమంతా తీయవచ్చు. ఆఖరి భాగం దగ్గర దర్శకుడికి ఇబ్బంది తప్పదు. నేరస్తుడి పేరు తేలింది కాని, బీడ్ పల్లెల నుంచి వచ్చిందో మరెక్కడి నుంచి వచ్చిందో, వేద్ రోడ్డులో మొట్టమొదట దగ్గిన మనిషి ఎవరో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.